బిట్ మాస్క్ ప్రశ్నకు తడబడితే ఎంబెడెడ్ వదిలేయాలా?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. యూఇంట్32 (రుణసంఖ్యలు పట్టని 32 బిట్ల పూర్ణాంకం) వేరియబుల్‌లో 1 << 15 (1ని 15 స్థానాలు ఎడమకు జరపడం) పెడితే లాప్‌టాప్‌లో 32768 వస్తోంది, ఆర్డుయినో ఊనో బోర్డులో 4294934528 వస్తోంది. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే పని) ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఇలాంటిదే అడిగితే కారణం చెప్పలేకపోయాను. సీ భాష వదిలేసి పైథాన్ వైపు వెళ్లడం మంచిదా?

సమాధానం: వదలకండి. మీరు తడబడింది బిట్ ఆపరేటర్ల దగ్గర కాదు, టైపుల దగ్గర. ఇది కొన్ని వారాల సాధనతో పోయే లోపం.

ఊనోలోని ఏవీఆర్ చిప్‌కు ఇంట్ (సీలో మామూలు పూర్ణాంకం టైపు) అంటే 16 బిట్లే. ఉత్తి 1 రాస్తే అది ఇంట్. దాన్ని 15 స్థానాలు జరిపితే సైన్ బిట్‌లోకి (ధన, రుణ గుర్తు చెప్పే పై బిట్) చేరి విలువ -32768 అవుతుంది. 32 బిట్ల వేరియబుల్‌లోకి వెళ్లేది ఆ తర్వాతే. రుణసంఖ్య కనుక పై 16 బిట్లూ ఒకట్లతో నిండుతాయి. ఒక బిట్ అడిగితే 17 సెట్ అయ్యాయన్నమాట. ఎడమవైపు వేరియబుల్ ఎంత పెద్దదో కుడివైపు లెక్కకు పట్టదు. లాప్‌టాప్‌లోనూ 1 << 31 ను 64 బిట్ల వేరియబుల్‌లో పెట్టి చూడండి, సాధారణంగా ఇదే జరుగుతుంది. పైగా సైన్డ్ ఇంట్‌లో సైన్ బిట్‌లోకి జరిపితే ఏం కావాలో సీ99, సీ11 ప్రమాణాలు చెప్పవు, కాబట్టి కంపైలర్‌ను నమ్ముకోకూడదు. జరపడానికి ముందే ఆ 1ని యూఇంట్32కి కాస్ట్ చేయండి (టైపు మార్చండి). జరిపాక కాస్ట్ చేస్తే లాభం లేదు.

ఇంటర్వ్యూల్లో దీనికి తోబుట్టువు లాంటి ప్రశ్న ఇంకోటి ఉంది. యూఇంట్8 వేరియబుల్‌లో 90 ఉంది. ~ పెట్టి (బిట్లన్నీ తిరగేసి) 4 స్థానాలు కుడికి జరిపి మళ్లీ యూఇంట్8లో దాచితే ఎంత? చాలామంది 10 అంటారు. జీసీసీ కంపైలర్‌లో వచ్చేది 250. ఇంట్ కన్నా చిన్న టైపులన్నీ లెక్కకు ముందే ఇంట్‌గా మారతాయి. కాబట్టి ~90 అంటే 165 కాదు, -91. కుడికి జరిపేటప్పుడు పైనుంచి ఒకట్లు దిగుతాయి. ~ ఫలితాన్ని వెంటనే యూఇంట్8కి కాస్ట్ చేసి, ఆ తర్వాత జరిపితే 10 వస్తుంది.

పనిలో చేరాక ఎక్కువ నష్టం చేసేది మాత్రం మూడోది. 64 బిట్ల రిజిస్టర్‌లో (చిప్‌లోని చిన్న నిల్వ గది) ఒక్క బిట్ చెరపాలని & తో పాటు ~1యూ (యూ అంటే అన్‌సైన్డ్, రుణసంఖ్యలు లేని టైపు) వాడారనుకోండి. లాప్‌టాప్‌లో ఆ మాస్క్ (ఏ బిట్లు ఉంచాలో చెప్పే సంఖ్య) 32 బిట్ల అన్‌సైన్డ్. పెద్దది చేసినప్పుడు పైన సున్నాలే చేరతాయి, రిజిస్టర్ పైసగం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. విచిత్రంగా ఉత్తి ~1 అయితే -2 కనుక సరిగ్గానే పనిచేస్తుంది. అందుకే 'ఎప్పుడూ యూ చేర్చండి' అన్న సలహా ఒక్కటే సరిపోదు. మాస్క్ వెడల్పు రిజిస్టర్ వెడల్పుతో సమానంగా ఉండాలి.

సాధనకు ఈ మూడు ప్రోగ్రాములనూ ఊనోలోనూ లాప్‌టాప్‌లోనూ నడపండి. రన్ చేసేముందే ప్రతి మెట్టులో టైపు, వెడల్పు, విలువ కాగితం మీద రాయండి. జీసీసీలో ఆల్, ఎక్స్‌ట్రా, కన్వర్షన్, సైన్-కన్వర్షన్ వార్నింగులు నాలుగూ ఆన్ చేయండి. చివరి రెండూ మొదటి రెండింటితో రావు, విడిగా అడగాలి. అన్‌డిఫైన్డ్ శానిటైజర్ అనే కంపైలర్ సాధనం చెల్లని షిఫ్టులను (జరపడాలను) రన్ టైమ్‌లో పట్టిస్తుంది. కానీ ~1యూ లాంటిది దానికి దొరకదు, ఎందుకంటే ప్రమాణం ప్రకారం అందులో తప్పేమీ లేదు.

ఇంటర్వ్యూలో జవాబు అంకెతో ఆపకండి. 'ముందు ఇంట్‌గా మారింది, ఇక్కడ సైన్ పాకింది' అని వరసగా చెప్పండి. ఇంట్ ఎన్ని బిట్లో వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. ఆ అడగడమే మీకు విషయం తెలుసని చూపిస్తుంది.

పైథాన్ కూడా నేర్చుకోండి, బోర్డులను పరీక్షించే స్క్రిప్టులకు ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రాములు) రాసే బృందాలు దాన్ని బాగా వాడతాయి. అయితే పైథాన్ పూర్ణాంకాలకు వెడల్పు పరిమితి లేదు, అక్కడ ~90 ఎప్పుడూ -91 గానే ఉంటుంది. సీ కోడ్‌తో పోల్చేటప్పుడు 255తో & చేసి చూడండి.