అంబులెన్స్ సర్వీసు ఐసీయూ నర్సింగ్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: నాలుగేళ్లుగా అంబులెన్స్‌లో ఎమర్జెన్సీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పేషెంట్‌ని క్యాజువాలిటీలో అప్పగించాక ఏమయ్యాడో మాకు తెలియదు. అందుకే ఐసీయూ నర్సు కావాలని ఉంది. నా సర్వీసు కలుస్తుందా, మళ్లీ మొదటి నుంచి చదవాలా?

జవాబు: చదవాలి. టెక్నీషియన్ సర్టిఫికెట్‌కు ఎన్నేళ్ల సర్వీసు తోడైనా నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. అమెరికాలో పారామెడిక్‌లు తక్కువ కాలంలో నర్సింగ్ పూర్తిచేసే బ్రిడ్జి కోర్సులున్నాయి. అలాంటివి లేనిచోట డిప్లొమానో డిగ్రీనో మొత్తం చదవాల్సిందే. ఫీజు కట్టే ముందు కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. వార్డు డ్యూటీలు లేకుండా ఇంట్లోంచే నర్సింగ్ చదివిస్తామనే ప్రకటనల జోలికి పోకండి.

మీ నాలుగేళ్లు మాత్రం ఎక్కడికీ పోవు. అసలు ఐసీయూ కథ ఊపిరి అందించడానికి మీరు రోజూ నొక్కే బ్యాగు లాంటిదానితోనే మొదలైంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, ఊపిరి తీసుకోలేని రోగులకు వైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని చేత్తో బ్యాగు నొక్కుతూ గాలి అందించారు. ఆ పద్ధతి మొదలుపెట్టించిన మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ 1953లో అక్కడే ఐసీయూ తెరిచారు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మీకు మొదటి అరగంట బాగా తెలుసు. ఐసీయూలో ఒకరిద్దరు పేషెంట్ల దగ్గరే షిఫ్టంతా గడపాలి. గంటగంటకీ యూరిన్ ఎంత వచ్చిందో రాయాలి. సగటు బీపీ 65 కిందికి జారుతుంటే డాక్టరు ఆర్డర్ ప్రకారం బీపీ పెంచే మందు నోరాడ్రినలిన్ డోసు పెంచాలి. వెంటిలేటర్ అలారం మోగితే ట్యూబు కదిలిందా, కఫం అడ్డుపడిందా అని వెతకాలి. అంబులెన్స్ నుంచి వచ్చినవాళ్లు సీపీఆర్‌లో తడబడరు. తడబడేది చార్టు రాయడంలోనే! పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్లాల్సి వస్తే మాత్రం అందరూ మీవైపే చూస్తారు.

రిజిస్ట్రేషన్ వచ్చాక నేరుగా ఐసీయూ పోస్టు అడగండి. మీ అనుభవం ఉన్నవాళ్లు అడగొచ్చనే నా ఉద్దేశం. కాకపోతే కొత్తవాళ్ల పక్కన సీనియర్ నర్సును ఉంచి నేర్పించే ఆసుపత్రినే ఎంచుకోండి. ఒకటి రెండేళ్లు చేశాక క్రిటికల్ కేర్ స్పెషలైజేషన్ చదవొచ్చు. తర్వాత, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తరలించే టీముల్లోనూ చేరొచ్చు. అక్కడ మీ పాత పని, కొత్త చదువు రెండూ పనికొస్తాయి.

ఇప్పుడున్న ఉద్యోగం అప్పుడే మానేయకండి. మీరు పేషెంట్లను దించే ఆసుపత్రిలోనే అనుమతి అడిగి, ఐసీయూలో ఒక రాత్రి షిఫ్టు మొత్తం కూర్చుని చూడండి. తెల్లారేసరికి విసుగనిపిస్తే మళ్లీ రాయండి, పారామెడిక్‌గానే పైకెళ్లే దారి చూద్దాం.