కేథరిన్ బూత్ గురించి స్త్రీల కూటంలో ఏమి చెప్పాలి?

19వ శతాబ్దపు మెథడిస్టు భార్య, తల్లి ఒకరి జీవితాన్నీ, విశ్వాసంలో ఆమె కన్నుమూసిన తీరునూ స్త్రీల కూటంలో చెప్పాలి, ఎవరిని ఎంచుకోవాలి అని అడిగారు. నేనైతే కేథరిన్ బూత్ పేరు చెబుతాను. సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం) అనే క్రైస్తవ సేవా సంస్థకు తల్లిగానే ఆమె మనకు తెలుసు గానీ, ఆమెను తీర్చిదిద్దింది మెథడిస్టు ఇల్లే. మా అమ్మ క్యాన్సర్‌తో మంచం పట్టిన రోజుల్లో ఆమె చరిత్ర నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

కేథరిన్ 1829లో ఇంగ్లండ్‌లోని యాష్‌బర్న్‌లో పుట్టారు. పన్నెండేళ్లు నిండకముందే బైబిలు మొత్తం ఎనిమిదిసార్లు చదివారని చెబుతారు. 1855లో, మెథడిస్టుల్లో ఒక శాఖ అయిన న్యూ కనెక్షన్ బోధకుడు విలియం బూత్‌ను పెళ్లాడారు. ఎనిమిదిమంది పిల్లలను కన్నారు.

మీది స్త్రీల కూటం కాబట్టి, ఆ దంపతులు సేవ చేసిన గేట్స్‌హెడ్ ఊళ్లో జరిగిన సంగతి వదలకండి. ఫీబీ పామర్ అనే అమెరికన్ మెథడిస్టు స్త్రీ ప్రసంగాలను ఒక బోధకుడు తప్పుపడితే, స్త్రీలు వాక్యం చెప్పవచ్చని లేఖనాల ఆధారంతో కేథరిన్ 1859లో ఒక చిన్న పుస్తకమే రాశారు. తాను మాత్రం నోరు విప్పడానికి జంకారు. 1860 పెంతెకొస్తు ఆదివారం, నలుగురు పిల్లల తల్లి, చంటిబిడ్డకు ఇంకా ఏడాది కూడా నిండలేదు, భర్త ప్రసంగం ముగిస్తుండగా లేచి ముందుకు నడిచారు. ఇన్నాళ్లూ దేవుని మాటకు లోబడలేదని అందరి ఎదుట ఒప్పుకున్నారు. సాయంత్రం ప్రసంగం ఆమెదేనని విలియం అక్కడికక్కడే ప్రకటించారు. ఆ భర్తను కూడా మెచ్చుకోవాలి.

1888 ఫిబ్రవరిలో కేథరిన్‌కు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మహా అయితే రెండేళ్లన్నారు వైద్యులు. ఇంటికి వచ్చి భర్తతో అన్న మాట చదివినప్పుడు నాకు కళ్లు నిండాయి: మీ చివరి గడియలో సేవ చేయడానికి నేను ఉండనే అన్నదే నా మొదటి ఆలోచన అన్నారు. ఆ ఏప్రిల్‌లోనే కూతురు ఎమ్మాకు ఫ్రెడరిక్ టక్కర్‌తో పెళ్లయింది. 1882లో బొంబాయిలో సాల్వేషన్ ఆర్మీ పని మొదలుపెట్టింది ఆయనే. జూన్‌లో కేథరిన్ లండన్‌లోని సిటీ టెంపుల్ అనే చర్చిలో చివరిసారి బహిరంగంగా ప్రసంగించారు.

ఆపరేషన్‌కు ఆమె మొదట ఒప్పుకోలేదు. దీన్ని విశ్వాసానికి గుర్తుగా చెప్పకండి, చేతులు జోడించి అడుగుతున్నాను. నాటి వైద్యం వేరు. మా అమ్మ చికిత్స అంతా చేయించుకుంది, ప్రార్థనా మానలేదు.

అమ్మను బాధపెట్టింది నొప్పి ఒక్కటే కాదు. "విశ్వాసం ఉన్నవాళ్లకు భయమెందుకమ్మా?" అని పరామర్శకు వచ్చినవాళ్లు అనేవారు. వాళ్లు వెళ్లాక, "నాకు సంతోషం రావడం లేదు, నా విశ్వాసం పోయిందా?" అని అమ్మ నన్ను అడిగింది. కేథరిన్ రోగశయ్య మీద అన్నది అప్పుడే చదివి వినిపించాను. విశ్వాసం వేరు, దాన్ని మనసులో అనుభవించడం వేరు; ఈ తేడా తెలుసుకోవడం తనకు ఎంతో కష్టమైన పాఠమని ఆమె చెప్పుకున్నారు. అంతటి ప్రసంగికురాలు! అమ్మ మళ్లీ చదవమంది. ఆ రాత్రి ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేనట్టు పడుకుంది.

కేథరిన్ చివరి నెలలు క్లాక్టన్‌లో సముద్రం పక్కన గడిచాయి. నీళ్లు పెరుగుతున్నాయి, నేనూ పైకి లేస్తున్నాను, మునిగిపోవడం లేదు అని కబురు పంపారు. మాట పెగలనప్పుడు గోడమీది "నా కృప నీకు చాలును" అన్న వాక్యాన్ని వేలితో చూపించారు. దాన్ని తెచ్చి ఆమెకు కనబడేలా పెట్టారు. పెళ్లి ఉంగరాన్ని తీసి భర్త వేలికి తొడిగారు. 1890 అక్టోబరు 4న, 61 ఏళ్ల వయసులో, ప్రభువునందు నిద్రించారు.

మీ సందేశంలో ఈ ఘట్టానికి కొద్ది నిమిషాలే ఇవ్వండి, గేట్స్‌హెడ్‌కూ, ఆ రెండున్నరేళ్ల జబ్బుకూ ఎక్కువ సమయం ఉంచండి. వినేవాళ్లలో ఇంట్లో రోగిని పెట్టుకుని వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. మీది గుంటూరు, బాపట్ల వైపైతే, నిడుబ్రోలులోని ఇవాంజలిన్ బూత్ ఆసుపత్రికి ఉన్న పేరు ఈ తల్లి కూతురిదేనని కూడా చెప్పండి.