బెంగళూరు ల్యాబ్‌కు రెండు నెలలు: పంపొచ్చా?

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో బీఎస్సీ ఎంపీసీ రెండో సంవత్సరం. వచ్చే ఎండాకాలం సమ్మర్ రీసెర్చ్‌కు అప్లై చేయమని కెమిస్ట్రీ మేడమ్ చెప్పారని బతుకమ్మ సెలవులకు వచ్చినప్పుడు అడిగింది. బెంగళూరో పుణెనో పోవాలట. ఆ టైంలో జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం రాసే పరీక్ష) కోచింగ్ మేలు కదా? ఒక్కదాన్నే పంపాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: పంపండి. జామ్ రాసేది ఫైనల్ ఇయర్ ఫిబ్రవరిలో. ల్యాబ్ నుంచి వచ్చాక కూడా చదువుకోవడానికి ఆరు నెలలుంటాయి.

దీంతో ఉద్యోగం వస్తుందని మాత్రం అనుకోకండి. మన డిగ్రీ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఏదో సీనియర్ల రికార్డు చూస్తేనే తెలిసిపోతుంది. రీసెర్చ్ ల్యాబ్‌లో జవాబు గైడ్‌కు కూడా తెలియదు. నా దగ్గరికొచ్చే పరకాల అబ్బాయి ఒకడు మొదటి వారం టీఎల్‌సీ (పదార్థాలను విడదీసి చూసే ఒక రకం క్రోమటోగ్రఫీ) ప్లేటు మీద పెన్సిల్‌తో గీయాల్సిన గీతను పెన్నుతో గీశాడు. ద్రావణిలో నిలబెట్టగానే ఇంకు కూడా పైకి పాకింది. ఏ మచ్చ ఇంకుదో, ఏది తన పదార్థానిదో తేలక ఆ పూటంతా పోయింది. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో క్రోమటోగ్రఫీ మీద అడిగితే మాత్రం తడుముకోలేదు.

ముందుగా చూడాల్సింది బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే ఫెలోషిప్. రెండు నెలలు ఉంటుంది, నెలనెలా స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధన సంస్థకు వేరే ప్రోగ్రామ్ ఉంది. పని ఎండాకాలంలోనైనా దరఖాస్తుల హడావిడి దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతుంది కాబట్టి గడువు తేదీలు ఇప్పుడే చూసుకోండి. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల కోసం నడిపే ఆర్‌ఈయూ అనే సమ్మర్ రీసెర్చ్ కోసం టైం పెట్టొద్దు. అక్కడి ప్రభుత్వ సైన్స్ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బుతో నడిచే ఆ సీట్లు అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. ఫీజు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని వాట్సాప్‌లో వచ్చేవాటి జోలికి అసలే పోవద్దు.

సీటు రావడం, రాకపోవడం మార్కులతో పాటు రెండు కాగితాల మీద ఉంటుంది. ఒకటి మేడమ్ ఇచ్చే రికమండేషన్ లెటర్. ఆమెకు మీ బిడ్డ పని తెలుసు కాబట్టి ఈ వారమే అడగమనండి. రెండోది ఏం చేయాలనుకుంటోందో చెప్పే చిన్న రాత. నెట్‌లో కాపీ కొట్టిన క్యాన్సర్ మందుల కథలు చదివీ చదివీ ఎంపిక చేసేవాళ్ళకు విసుగొచ్చి ఉంటుంది. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించో, మిర్చి ఎరుపునిచ్చే రంగు పదార్థం గురించో సొంత మాటల్లో రాస్తే పేజీ తిప్పకుండా చదువుతారు.

సీటు రాకపోతే వరంగల్ ఎన్‌ఐటీ అక్కడే ఉంది, ఆటో దూరం. కెమిస్ట్రీ ప్రొఫెసర్ల పేజీలు చదివి, ఎవరి పని నచ్చిందో వాళ్ళకే మెయిల్ రాయాలి. ఒకే మెయిల్‌ను ఇరవై మందికి పంపితే ఒక్కరూ తిరిగి రాయరు.

వస్తే, సెమిస్టర్ పరీక్షల తేదీలు గైడ్‌కు ముందే చెప్పాలి. హాస్టల్ గది ఖాయమైనట్టు మెయిల్ వచ్చాకే టికెట్ తీయండి. మొదటిసారి మీరూ కాజీపేటలో రైలెక్కి దింపి రండి.