హైదరాబాద్ పోకుండా వరంగల్‌లోనే చదువుకోవచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాను. పరకాల నుంచి హన్మకొండకు కిరాయికి వచ్చారు, మొబైల్ షాపులో పని చేస్తున్నారు. ఇంటావిడ చదువు పదో తరగతితో ఆగిపోయింది, పిల్లలిద్దరూ బడికి పోతున్నారు కాబట్టి ఇప్పుడు మళ్లీ చదువుతానంటోంది. డిగ్రీ అయిపోయిన మీ తమ్ముడు గ్రూప్స్ కోసం కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్ పోతానని పట్టుబట్టాడు. మీకేమో రాత్రిపూట కంప్యూటర్ పని ఏదైనా నేర్చుకోవాలని ఉంది. ముగ్గురికీ ఇక్కడే తోవ దొరుకుతుందా, లేక హైదరాబాదే దిక్కా అని అడిగారు.

ఇక్కడే దొరుకుతుంది. 1959లో ఆర్‌ఈసీగా మొదలై తర్వాత ఎన్‌ఐటీ అయిన ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడాది వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో వచ్చిన కాకతీయ యూనివర్సిటీ అందరికీ తెలిసినవే. 2022లో యునెస్కో వాళ్లు ప్రపంచ అభ్యసన నగరాల్లో వరంగల్‌ను కూడా చేర్చారు. అయితే మనలాంటి ఇళ్లకు అక్కరకొచ్చే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. వాటికి ఫ్లెక్సీలుండవు, నయీంనగర్ రోడ్డు మీద పాంప్లెట్లు పంచరు. పోయి అడిగిన వాళ్లకే తెలుస్తాయి. ఇంకో మాట: ఏది మంచి సంస్థ అని వెతికే ముందు, మీ ముగ్గురిలో ఎవరికి ఏ వేళ ఖాళీ దొరుకుతుందో కూర్చుని మాట్లాడుకోండి. చదువు నిలబడేదీ మధ్యలో ఆగేదీ అక్కడే.

ముందు మరదలి సంగతి, అది నేను నడిచిన తోవే కాబట్టి. నాకు పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. ములుగు దగ్గరి మా ఊరి నుంచి కుమార్‌పల్లికి కాపురానికొచ్చాను. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక ఓపెన్ ఇంటర్ కట్టాను, అది పాసయ్యాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం చేశాను. ఇప్పుడొక ప్రైవేటు దవాఖానలో బిల్లింగ్, లెక్కలు చూస్తున్నాను.

ఓపెన్ ఇంటర్ అంటే సార్వత్రిక విద్యాపీఠం వాళ్లది, అందరూ టాస్ అంటారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మీసేవలో చేసిస్తారు. సర్కారు బడులు, కాలేజీల్లోనే దాని కేంద్రాలుంటాయి. క్లాసులు సెలవు రోజుల్లో పెడతారు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలని లేదు, చేరిన నాటి నుంచి 5 ఏళ్లలోపు ఒక్కొక్కటిగా పాసైనా చెల్లుతుంది. ఆడవాళ్లకు ఫీజులో రాయితీ కూడా ఉంటుంది. మీరుండే గల్లీకి దగ్గరలో కేంద్రం ఏ బడిలో ఉందో ముందే కనుక్కుని, దరఖాస్తులో అదే పెట్టించండి. దూరం కేంద్రం పడితే క్లాసుకు పోవడం మెల్లగా మానేస్తారు.

ఇంటర్ చేతికొచ్చాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. 1982లో మొదలైంది, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. హన్మకొండలో దాని అధ్యయన కేంద్రం ఉంది. డిగ్రీ క్లాసులు ఆదివారాలు. నేను చదివినప్పుడు నా పక్క బెంచీలో ఎంజీఎం దవాఖానలో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సు కూర్చునేది. వెనక ఖాకీ చొక్కా మీదనే వచ్చే ఆర్టీసీ కండక్టర్ అన్న. ఒకామె చంటిపిల్లను తన తల్లికిచ్చి వరండాలో కూర్చోబెట్టేది. పాప ఏడిస్తే లేచిపోయి పాలిచ్చి వచ్చేది. అకౌంట్స్ చెప్పే సారు ఏమీ అనేవారు కాదు. ఆమె తిరిగి వచ్చి రాసుకునేదాకా బోర్డు మీది లెక్క తుడిచేవారు కాదు. నాకు బ్యాలెన్స్ షీట్ అర్థమైంది ఆ గదిలోనే. వాళ్లిచ్చే తెలుగు పుస్తకాలు ఎంత తేటగా ఉంటాయంటే, గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లలు కూడా వెతికి మరీ చదువుతారు. మీ తమ్ముడికి ఆ సంగతి చెప్పండి.

ఈ చదువులో పాఠాల కంటే ఆదివారం గడవడమే కష్టం. ఇంట్లో అందరూ ఉండేదీ, చుట్టాలొచ్చేదీ, బట్టలు ఉతికేదీ, కూర వండేదీ ఆ రోజే. శ్రావణంలో, మాఘంలో పెళ్లిళ్లు. మేడారం జాతర వచ్చిన ఏడాది ఆ నెలంతా మా ఇల్లు చుట్టాలతోనే నిండిపోయేది. నాతోపాటు చేరిన ఆడవాళ్లలో చాలామంది మానేసింది చదువు రాక కాదు, ఆదివారం పొద్దున ఇల్లు దాటలేక. మా ఇంటాయన ఆదివారం వంట తన మీద వేసుకున్నాడు. మా అత్తమ్మ మొదట్లో "ఈ వయసుల సదువేంది బిడ్డా" అన్నది. కొడుకు పొయ్యి దగ్గర నిలబడ్డాక ఇంకేమీ అనలేదు. రెండో ఏడు వచ్చేసరికి ఆమెనే నాకు టిఫిన్ డబ్బా కట్టిచ్చేది. అందుకే అడ్మిషన్ ఫీజు కట్టే ముందే ఆదివారం వంట ఎవరిదో ఇంట్లో తేల్చుకోండి. ఆ వంట మీరే చేయాలని నా కోరిక.

ఒక్క దాని జోలికి మాత్రం పోవద్దు. "వన్ సిట్టింగ్‌లో డిగ్రీ", "పరీక్ష మేం చూసుకుంటాం" అని చెప్పే స్టడీ సెంటర్లు సందుకొకటి కనిపిస్తాయి. మా దూరపు బంధువు ఒకామె అట్లాంటి ఒకచోట బంగారం కుదువపెట్టి ఫీజు కట్టింది. వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరుతో సర్టిఫికెట్ ఇచ్చారు. ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో అది నిలవలేదు, పైసలూ తిరిగి రాలేదు. రాష్ట్ర యూనివర్సిటీలు దూరవిద్యను తమ పరిధి దాటి ఇవ్వకూడదని, యూనివర్సిటీలను చూసుకునే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధన ఉంది. ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో జాబితా పెడతారు. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో చేరాలనుకున్నా సరే, ఆ ఏడాది ఆ కోర్సు జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

మరదలు ముందు నాలుగు పైసలు సంపాదించే పని నేర్చుకోవాలనుకుంటే హసన్‌పర్తిలో ఎస్‌బీఐ వాళ్ల గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. కుట్టుపని, బ్యూటీషియన్ లాంటివి ఉచితంగా నేర్పుతారు, శిక్షణ రోజుల్లో భోజనం కూడా వాళ్లదే. తర్వాత బ్యాంకు రుణానికి దారి చూపిస్తారు. ఊళ్ల నుంచి వచ్చిన పేద కుటుంబాలకే అక్కడ మొదటి చోటు, కాబట్టి మీ రేషన్ కార్డు ఇంకా పరకాల వైపే ఉంటే ఆ కాగితాలు పట్టుకుని పోయి అడగండి. పట్నంలోనే ఉండిపోతాం అనుకుంటే మీ వార్డులో పొదుపు సంఘాలు చూసుకునే ఆర్పీని కలిసి మెప్మా (పట్నం పేదల కోసం ఉన్న సర్కారు సంస్థ) పొదుపు సంఘంలో చేర్పించండి. శిక్షణల కబురు ముందు సంఘాలకే వస్తుంది.

ఇక మీ తమ్ముడు. అశోక్‌నగర్ వద్దని గట్టిగా చెప్తాను, కనీసం మొదటి ఏడాది. అక్కడ గది కిరాయి, మెస్సు, కోచింగ్ ఫీజు కలిపి నెలనెలా మీ జీతంలోంచే పోతాయి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. మా మరిది హన్మకొండ జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదివే పంచాయతీ కార్యదర్శి అయ్యాడు. పొద్దుగాల తలుపు తీయకముందే వరుసలో నిలబడేవాడు, ఎందుకంటే కిటికీ పక్క కుర్చీ, ఫ్యాను కింది కుర్చీ ముందే అయిపోతాయి. అట్ట, నీళ్ల సీసా, అన్నం డబ్బా తీసుకుని పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. అక్కడ ఇంకో లాభం ఉంది. ఒకే పరీక్షకు చదివే వాళ్లు పదిమంది దొరుకుతారు. ఒకడు పాలిటీ బాగా చెప్తే ఇంకొకడు అర్థమెటిక్ చెప్తాడు. మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తింటూ ఒకర్నొకరు ప్రశ్నలడుగుతూ తెలంగాణ చరిత్ర అంతా అప్పజెప్పుకునేవాళ్లు. కోచింగ్‌లో వందలమంది మధ్య వెనక వరుసలో కూర్చునే పిల్లాడికి ఆ పోటీ, ఆ సాయం దొరకవు.

గ్రంథాలయం మనదే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, కిరాయిలో మీ వంతు కూడా అందులో ఉన్నట్టే. నిజాం కాలంలో ఉర్దూదే పైచేయిగా ఉన్నప్పుడు, 1904లోనే మన పెద్దలు హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. అట్లాంటి ఊళ్లో ఉండి పుస్తకం కోసం అప్పు చేయడం నాకు బాధగా ఉంటుంది.

కోచింగ్ కావాల్సిందే అంటే ముందు బీసీ స్టడీ సర్కిల్, ఎస్సీ స్టడీ సర్కిల్. రెండూ హన్మకొండలో ఉన్నాయి. ఎంపిక పరీక్ష పెడతారు, ఆదాయ పరిమితి ఉంటుంది, సీటొస్తే కోచింగ్ ఉచితం. దరఖాస్తుకు గడువు తక్కువ ఇస్తారు కాబట్టి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోమనండి. సీటు రాకపోతే టీ-శాట్ నిపుణ ఉంది. గ్రూప్స్ పాఠాలు టీవీలోనూ ఫోన్ యాప్‌లోనూ పైసా లేకుండా వస్తాయి. వీటితోపాటు టైపు లోయర్, హయ్యర్ కూడా పాసవమనండి. సాంకేతిక విద్యా మండలి పెట్టే పరీక్ష అది. రోజుకో గంట ఇన్‌స్టిట్యూట్‌కు పోతే వస్తుంది, టైపిస్టు పోస్టులకు అదే అడుగుతారు. గ్రూప్స్ ఒక్కటే పట్టుకుని వయసు దాటబెట్టుకున్న పిల్లల్ని మా గల్లీలోనే చూశాను, అందుకే అంటున్నాను.

మీ సంగతి చిన్నదే. రాత్రి షాపు మూసి ఇంటికి చేరాక క్లాసుకు పోయే ఓపిక ఉండదు. ఫోన్‌లోనే స్వయం, ఎన్‌పీటెల్ అనే కేంద్ర సర్కారు ఆన్‌లైన్ కోర్సులు వినండి. వినడానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే కట్టాలి. ఎక్సెల్, ట్యాలీ మాత్రం ఎదురుగా ఒకరు కూర్చుని చూపిస్తే తొందరగా వస్తాయి, వాటికి దగ్గరలోని ఇన్‌స్టిట్యూట్ చాలు. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి, నెలనెలా తీసుకునే చోటే చూసుకోండి.

పదో తరగతి అయిన పిల్లలున్న వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఐటీఐ గురించి రెండు ముక్కలు. ఐటీఐ అనగానే మొహం చిన్నబుచ్చుకుంటారు గానీ మా అక్క కొడుకు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి రైల్వేలో అప్రెంటిస్‌కు పోయాడు. కాజీపేట మన పక్కనే, భూపాలపల్లి సింగరేణి దూరం కాదు, రెండూ ఐటీఐ పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. చదువూ అక్కడితో ఆగదు. 2 ఏళ్ల ఐటీఐలో మంచి మార్కులొస్తే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి, అది పాసై ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి పోవచ్చు. ఇంటర్‌కు లక్షలు పోసే ముందు ఈ మెట్లు కూడా ఒకసారి లెక్క వేసుకోండి.

మీ పాపకు పాటలంటే ఇష్టమని చివర్లో రాశారు. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. సర్కారు ఫీజే, నేర్పేవాళ్లు విద్వాంసులు. తప్పకుండా తీసుకెళ్లండి.

ఇక కాగితాలు. మరదలి పదో తరగతి మెమో, టీసీ బయటికి తీసి ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి ఉంటే ఆన్‌లైన్ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మెమోలో ఎట్లా ఉందో ఆధార్‌ను అట్లా సరిచేయించడమే తేలిక. మెమో పోయి ఉంటే చదివిన బడికి పోయి హెడ్‌మాస్టర్‌ను కలవండి, డూప్లికేట్‌కు ఎట్లా పెట్టాలో చెప్తారు. ఈ పని ఇప్పుడే మొదలుపెడితే టాస్ అడ్మిషన్లు తెరిచేనాటికి అన్నీ చేతిలో ఉంటాయి.

మరదలు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటుందో ఇక్కడే రాయండి. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) అయితే నా పుస్తకాలు, గైడ్లు, రాసుకున్న నోట్సు అట్లానే ఉన్నాయి, తీసిపెడతాను.