లోషన్లు చేసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి సైన్స్ చదువుతోంది. ఇంట్లోనే లోషన్లు, హెయిర్ కండిషనర్లు తయారుచేసి తెలిసినవాళ్లకు ఇస్తోంది. చలికాలంలో బాగున్న లోషన్ మే నెలలో నూనె, నీరుగా విడిపోతే కారణం ఏమిటా అని వారం రోజులు దానితోనే కూర్చుంది. ఇదే వృత్తిగా చేసుకుంటానంటోంది. ఇప్పుడే చిన్న వ్యాపారం పెట్టించమంటారా, చదివించమంటారా?
– ఒక తండ్రి, బల్లార్షా (చంద్రపూర్ జిల్లా)

జవాబు: చదివించండి. లోషన్ అంటే నూనెను కంటికి కనిపించనంత సన్నని బిందువులుగా నీటిలో నిలిపి ఉంచిన ఇమల్షన్. ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపే ఎమల్సిఫయర్ చాలకపోతే, 45 డిగ్రీలు దాటే మీ చంద్రపూర్ ఎండలకు అది విడిపోక తప్పదు. కంపెనీలు కొత్త లోషన్‌ను 40 డిగ్రీల వేడిలో నెలల తరబడి ఉంచి పరీక్షించేది ఇందుకే. మీ అమ్మాయికి ఆ పరీక్షను వేసవి ఉచితంగా చేసిపెట్టింది. విడిపోయినదాన్ని పారబోయకుండా కారణం వెతికిన గుణమే ఈ వృత్తికి అసలు అర్హత అని నా అభిప్రాయం.

ఒకసారి ఆమె నోట్‌బుక్ తెరిచి చూడండి. కొలతలు చెంచాల్లో ఉంటే, గ్రాముల్లో తూచి బరువు శాతాల్లో రాసుకోమనండి. నూనె భాగాన్నీ నీటి భాగాన్నీ ఎన్ని డిగ్రీల వరకు వేడి చేసిందో, చివరికి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) ఎంత వచ్చిందో ప్రతిసారీ నమోదు చేయాలి. కండిషనర్ సంగతి వేరు. దెబ్బతిన్న వెంట్రుకపై రుణావేశం ఉంటుంది కనుక దానికి అంటుకునే ధనావేశపు పదార్థం అందులో కావాలి; లోషన్‌కు వాడిన ఎమల్సిఫయరే దీనికీ సరిపోతుందనుకోకూడదు. విటమిన్ ఇ నూనె వేస్తే నిల్వ ఉంటుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది, కానీ అది నూనె కారు వాసన రాకుండా కాపాడుతుందే తప్ప సూక్ష్మజీవులను ఆపదు. నీరు కలిసిన ప్రతి తయారీకీ ప్రిజర్వేటివ్ ఉండాలి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ వాడితే 1 శాతం మించకూడదు.

అమ్మకం మాత్రం ఇప్పుడు వద్దు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మకానికి తయారుచేయాలంటే రాష్ట్ర అధికారుల లైసెన్సు, అర్హత గల సాంకేతిక సిబ్బంది, తగిన స్థలం ఉండాలి. ఇంట్లో చేసి చుట్టుపక్కల వాళ్లకు అమ్మినా అది ఈ చట్టం పరిధిలోకే వస్తుంది.

ఇక చదువు. మీకు నాగపూర్ దగ్గర కావడం పెద్ద సౌకర్యం. అక్కడి ఎల్.ఎ.డి. మహిళా కళాశాలలో కాస్మెటిక్ టెక్నాలజీ డిగ్రీ ఉంది. 1942లో ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై ఇప్పుడు విశ్వవిద్యాలయంగా మారిన లక్ష్మీనారాయణ్ సంస్థలో నూనెలు, సర్ఫాక్టెంట్ల (సబ్బులు, ఎమల్సిఫయర్ల వంటి పదార్థాల) టెక్నాలజీ చదవవచ్చు. ముంబైలోని ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఇంకా పేరున్నది, అయితే పోటీ తీవ్రం. అమ్మాయి మ్యాథ్స్ తీసుకుందో బయాలజీ తీసుకుందో మీరు రాయలేదు. మ్యాథ్స్ లేకపోతే బీఫార్మసీ మంచి దారి, తర్వాత కాస్మెస్యూటికల్స్‌లో (ఔషధ గుణాలున్న సౌందర్య సాధనాల్లో) ఎంఫార్మసీ చేయవచ్చు. మంచిర్యాల, హైదరాబాదుల్లో బంధువులున్నారని తెలంగాణ ప్రవేశ పరీక్షపై ఆశ పెట్టుకునే కుటుంబాలు మీ వైపు ఎక్కువే, కానీ చదువంతా మహారాష్ట్రలో సాగిన అమ్మాయికి అక్కడి స్థానిక కోటా దక్కడం కష్టం. కనుక మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ-సెట్‌కు సిద్ధం చేయించండి. దరఖాస్తు చేసే ముందు ప్రతి కోర్సుకూ ఏ గ్రూపు అవసరమో ఆయా కళాశాలల్లోనే అడిగి తెలుసుకోండి.