మోటర్‌హోమ్‌లో పడక: కప్పుకొనేదాని కన్నా ముందు పరుచుకొనేదాని సంగతి చూడండి

"డెన్వర్‌లో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకొని అమ్మానాన్నలతో యెల్లోస్టోన్ వెళ్తున్నాం. రాత్రిళ్ళు హాయిగా నిద్ర పట్టాలంటే ఎలాంటి పరుపులు, దుప్పట్లు కొనాలి?" అని ఒకరు అడిగారు. మోటర్‌హోమ్ అంటే లోపలే పడకలు, పొయ్యి, బాత్రూము ఉండే పెద్ద బండి. యెల్లోస్టోన్ ఎక్కువ భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉన్న జాతీయ పార్కు.

కొనడం తరువాత. ముందు మీ అమ్మగారికి ఫోను చేసి, ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంత ఉందేమో అడగండి. ఉంటే అమెరికా వచ్చేటప్పుడు తప్పకుండా తెమ్మనండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2023 సెప్టెంబరులో మేం గడిపిన ఒక రాత్రి. ఆ రాత్రి మా అమ్మ చలికి నిద్రపోలేదు. ఆమె తెచ్చిన బొంతను ఇంట్లోనే వదిలిపెట్టించింది నేను.

మేం డెన్వర్ పక్కన ఉంటాం. ఆ ఏడాది వేసవిలో అమ్మ తెనాలి దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది. విమానంలో ఇచ్చేది 23 కిలోల పెట్టెలు రెండు. అందులో సగం పెట్టెను బొంతే ఆక్రమించింది. ఎనిమిది పాత నేత చీరలు, మధ్యలో మా నాన్న పంచెలు రెండు, నాలుగు అంచుల వరకూ దగ్గర దగ్గరగా వరుస కుట్లు. యెల్లోస్టోన్‌కు బయలుదేరే రోజు దాన్ని మడిచి గుమ్మం దగ్గర పెట్టుకుంది. "ఎందుకమ్మా, బండి అద్దెకిచ్చేవాళ్ళే అన్నీ ఇస్తారు, చోటు చాలదు" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా లోపల పెట్టేసింది.

బండివాళ్ళు ఇచ్చారు, నిజమే. మనిషికి 60 డాలర్ల చొప్పున ఐదుగురికి 300 డాలర్లు వసూలు చేసి, ఒక్కొక్కరికి ఒక పలుచటి దుప్పటి, ఒక దిండు, ఊదితే ఎగిరిపోయే పాలియెస్టర్ రజాయి ఇచ్చారు. ఆ డబ్బుతో మంచి ఉన్ని కంబళ్ళు కొనుక్కోవచ్చు, అవి మనకే మిగులుతాయి. దయచేసి ఈ అద్దె దుప్పట్ల జోలికి వెళ్ళకండి. ఎవరు ఎన్నిసార్లు కప్పుకున్నారో తెలియని వాటికి అంత ధర పెట్టడం అన్యాయం.

మాది 28 అడుగుల బండి. డ్రైవరు సీటు పైన చూరులాంటి చోట ఒక పడక, అక్కడ పిల్లలిద్దరూ. వెనక గదిలో ఒక మంచం, అక్కడ నేనూ నా భార్యా. మధ్యలో భోజనాల బల్లను కిందికి దించి, కూర్చునే మెత్తలను దాని మీదికి సర్దితే ఇంకో మంచం అవుతుంది. వెనక గది అమ్మకే ఇస్తామన్నాం. తలుపు వేసుకొని ఒక్కదాన్నే పడుకోలేను, బాత్రూము దగ్గరగా ఉంటే చాలు అని బల్ల మంచమే తీసుకుంది. మీ పెద్దవాళ్ళూ ఇదే అంటారు. అందుకే చెబుతున్నాను, బండిలో అన్నిటికన్నా అధ్వానమైన పడక అదే. మెత్తలు కూర్చోవడానికి చేసినవి. రెండు మెత్తలు కలిసే చోట సందు ఏర్పడి, సరిగ్గా నడుము దగ్గర కిందికి దిగుతుంది. కింద ఉన్నది ఉత్త ప్లైవుడ్ చెక్క. ఆ చెక్క కింద ఖాళీ అర, దాని కింద చల్లటి నేల.

పార్కులో మేం రాత్రికి బండి నిలిపిన మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 6,800 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ బండికి కరెంటు కనెక్షన్ ఇవ్వరు. జనరేటర్ ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే వేసుకోవాలి. బండిలో హీటరు ప్రొపేన్ గ్యాసుతో మండుతుంది కాబట్టి రాత్రంతా వెచ్చగానే ఉంటుందని నా ధీమా. గ్యాసు నిండుగానే ఉంది. కానీ ఆ వేడిని గదిలోకి ఊదే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. ఆ బ్యాటరీ పాతది. దానికి తోడు సాయంత్రమంతా పిల్లలు లైట్లు వేసుకొని, ఫోన్లు చార్జింగులో పెట్టారు. ఏ రెండు గంటలకో ఫ్యాను ఆగిపోయింది.

నాకు మెలకువ వచ్చేసరికి మూడు దాటింది. మెలకువ తెచ్చింది ఎల్క్ అనే పెద్ద దుప్పుల అరుపు. సెప్టెంబరు వాటికి జతకట్టే కాలం. మాడిసన్ నది ఒడ్డున మగవి రాత్రంతా సన్నాయి పగిలినట్టు కూస్తాయి. కిటికీలోంచి చూద్దామని లేచి వచ్చేసరికి అమ్మ చీకట్లో కూర్చొని ఉంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కొని, రజాయి, శాలువా, నా జర్కిన్ అన్నీ కప్పుకొని వణుకుతోంది. థర్మోస్టాట్ 41 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది, మన సెల్సియస్ లెక్కలో 5. "లేపొచ్చు కదమ్మా" అంటే, "పొద్దుటి నుంచీ బండి నడిపావు, ఎలా లేపేదిరా" అంది.

గాభరాలో పొయ్యి వెలిగించబోయాను. నా భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది. వేడి కోసం పొయ్యి వెలిగించరాదని ఆ పొయ్యి దగ్గరే అంటించి ఉంటుంది. మూసిన బండిలో ఆ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణాలు తీస్తుంది. ఎంత చలి వేసినా మీరూ ఆ పని చేయకండి.

నా రజాయి కూడా తెచ్చి అమ్మకు కప్పబోయాను. అప్పుడు ఆమె అంది: "పైన కాదు నాయనా, కింద వెయ్యి. చలి పైనుంచి రావడం లేదు, చెక్కలోంచి వస్తోంది." మా పెద్దవాళ్ళ మూడు రజాయిలూ నాలుగు మడతలు వేసి కింద పరిచాం. సోఫా మెత్తలు రెండు పీకి నడుము దగ్గర సందులో కూరాం. పైన ఒక్క దుప్పటి, శాలువా. పావుగంటలో అమ్మ కాళ్ళు చాపుకుంది, అరగంటలో నిద్రపోయింది. మేమిద్దరం స్వెట్టర్లు వేసుకొని తెల్లవారేదాకా కూర్చున్నాం.

ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా వైపు పుష్యమాసంలో నూర్పిళ్ళప్పుడు నాన్న కళ్ళంలో కుప్ప దగ్గర కాపలా పడుకునేవాడు. మంచు కురుస్తూ ఉండేది. కింద మూరెడు ఎత్తున వరిగడ్డి, దాని మీద గోనెపట్టా, ఆయన పైన మాత్రం ఒకే ఒక్క దుప్పటి. చిన్నప్పుడు నేనూ ఆ గడ్డిలో ఆయన పక్కన పడుకున్నాను. ఎన్నడూ చలి వేసిన గుర్తు లేదు. ఎండాకాలం ఆరుబయట నులక మంచం చల్లగా ఎందుకుంటుంది? కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి. చలికాలం అదే మంచం మీద అమ్మ ముందు బొంత పరిచేది. ఇదంతా చూస్తూ పెరిగి కూడా, బండి ఎక్కగానే నేను కప్పుకొనే వాటినే లెక్కపెట్టుకున్నాను.

వెచ్చదనాన్ని పట్టి ఉంచేది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. మన బరువు కింద నలిగితే ఆ గాలి బయటికి పోతుంది. మెత్తటి రజాయి మీద పడుకుంటే అది అప్పడమైపోతుంది. మందం మిగలాలంటే చాలా మడతలు వేయాలి. స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం సంగతీ ఇదే. గాలి ఊదుకొనే పరుపులైతే మరీ మోసం. లోపల గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంట్లో వేడిని కింది చల్లటి చెక్కకు అప్పగిస్తుంది. దగ్గర కుట్లు వేసిన బొంత అంత తేలిగ్గా అణగదు. పది పొరలు పది పొరలుగానే ఉంటాయి. ఉన్ని కంబళి కూడా నలిగినా మళ్ళీ లేస్తుంది. అందుకే మీ దగ్గర 200 డాలర్లు ఉంటే, 150 కింద పరిచే వాటికి పెట్టమంటాను.

పరుపు మీద వేసుకొనే, ఒంటికి ఒదిగే మెమరీ ఫోమ్ పొర కొనమని చాలామంది చెబుతారు. చలికి అది గట్టిపడి చెక్కలా తయారవుతుంది. ఒంటి వేడి తగిలి మెత్తబడేసరికి సగం రాత్రి గడిచిపోతుంది. వెచ్చటి ఊళ్ళలో తిరిగేవాళ్ళకు మంచిదే, యెల్లోస్టోన్‌కు మాత్రం వద్దు. మోటర్‌హోమ్ వీడియోల్లో మంచం మీద ఏడెనిమిది రంగురంగుల దిండ్లు పేర్చి చూపిస్తారు. రాత్రి పడుకునేటప్పుడు ఆ దిండ్లన్నీ ఎక్కడ పెడతారో ఒక్కరూ చూపించరు. మనిషికి ఒక దిండు చాలు. వీలైతే బూరుగు దూదిది.

తెల్లారాక ఇంకో సంగతి బయటపడింది. పిల్లలు పడుకున్న పై పరుపు ఎత్తి చూస్తే అడుగంతా తడి. ఆ పడకకు మూడు వైపులా బయటి చలే. ఐదుగురి ఊపిరిలోని ఆవిరి వెళ్ళే దారి లేక చల్లటి చెక్కకు తగిలి నీరైపోయింది. మేం చలికి భయపడి పైకప్పు కిటికీ కూడా బిగించేశాం. అది తప్పు. బెత్తెడంత తెరిచి ఉంచాలి. పొద్దున లేవగానే పరుపులన్నీ గోడకు నిలబెట్టాలి. పరచినవన్నీ రోజూ గంటసేపు ఎండ చూడాలి. నూలు తేమ పీలుస్తుంది, బొంతకు ఉన్న ఒకే ఒక్క లోపం అది. కానీ వయోమింగ్ ఎండ పొడిగా ఉంటుంది. చిత్తడిగా ఉన్నది కూడా మధ్యాహ్నానికల్లా పెళపెళలాడుతుంది.

ఆ ఉదయం 14 మైళ్ళ దూరంలోని వెస్ట్ యెల్లోస్టోన్ ఊరికి వెళ్ళి రెండు ఉన్ని కంబళ్ళు, మడత పెట్టే దళసరి ఫోమ్ చాపలు రెండు కొన్నాం. గాలి ఊదేవి కాదు, అణగని రకం. మిగిలిన మూడు రాత్రులూ అమ్మ కింద చాప, చాప మీద కంబళి. రెండో కంబళి పిల్లల కింద. హీటరు మళ్ళీ ఒక రాత్రి ఆగింది, ఎవరికీ మెలకువే రాలేదు.

పరుపు మీద పరిచే దుప్పట్ల కొలత సంగతి కూడా చెప్పాలి. అమెరికా ఇళ్ళలో ఇద్దరు పడుకొనే క్వీన్ మంచం 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. ఈ బండ్లలో చాలావాటిలో క్వీన్ అని చెప్పే మంచం పొడవు 75 అంగుళాలే. ఇంటి నుంచి తెచ్చిన ఎలాస్టిక్ దుప్పటి వదులై తెల్లారేసరికి కాళ్ళ కింద ఉండలా చేరుతుంది. ఎలాస్టిక్ లేని పెద్ద దుప్పటి తెచ్చుకొని నాలుగు వైపులా పరుపు కిందికి దోపుకోండి. పడుకునే ముందు బండి వాలు కూడా చూసుకోండి. కాళ్ళ కన్నా తల పల్లంలో ఉంటే ఎంత మంచి పడకైనా తలనొప్పే. చక్రాల కింద పెట్టే దిమ్మలు వాడండి, అవి లేకపోతే తల పెట్టే వైపు మార్చండి.

ఇంకొక్క మాట, ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళ పెట్టెలు సర్దించే పిల్లలకు. "అమెరికాలో అన్నీ దొరుకుతాయి, ఆ పాతబట్టలు ఎందుకు" అని బొంతలు తీయించేస్తాం. నేనూ తీయించాను. ఇక్కడ దుకాణాల్లో చేత్తో కుట్టిన నూలు బొంత కొనాలంటే వందల డాలర్లు, అదీ ఇంత దళసరిగా ఉండదు.

మరుసటి ఏడాది మే నెలలో కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల పార్కుకు వెళ్ళినప్పుడు బల్ల మంచం మీద అమ్మ బొంత పరిచి నేనే పడుకున్నాను. అదీ ఎనిమిది వేల అడుగుల ఎత్తే. సందు తెలియలేదు, చెక్క తెలియలేదు, పొద్దున పిల్లలు లేపితే లేచాను. అమ్మ అప్పటికి ఊరికి వెళ్ళిపోయింది. ఫోను చేసి చెబితే, వెనక గది మంచానికి కూడా ఒకటి కుడతాను, పొడవెంతో చెప్పమంది. 75 అంగుళాలన్నాను. అంగుళాలు తనకు తెలియవంది. టేపు పెట్టి నా చెయ్యి కొలుచుకొని, నాలుగు మూరల మీద బెత్తెడు అని చెప్పాను. పక్కింటావిడ దగ్గర రెండు నేత చీరలు అడిగి తీసుకుందట, ఇప్పటికి మూడో వంతు కుట్టింది.