కడుపునొప్పి నాటకం కాదండీ, ముందు వాటర్ బాటిల్ చూడండి

"రెండో తరగతి పాప. సరిగ్గా వ్యాన్ వచ్చే టైముకే కడుపునొప్పి అంటుంది, ఇంట్లో ఉంచేస్తే పదింటికల్లా మాయం. నాటకమాడుతోందా?" అని అడిగారు. చదవగానే రెండేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. నాటకం కాదండీ. ఆ వయసులో దిగులైనా భయమైనా చాలామంది పిల్లలకి ముందు కడుపులోనే తెలుస్తుంది. నొప్పి నిజంగానే ఉంటుంది.

మా పెద్దది కూడా అప్పుడు రెండులోనే ఉంది. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. నులిపురుగుల మందు వేశాం. స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. చివరికి పిల్లల డాక్టరుగారు ఒక మాట అడిగారు: "స్కూల్లో ఎన్నిసార్లు ఒంటికి వెళ్తుందమ్మా?" నాకు తెలీదు. డిక్టేషన్ మార్కులడిగితే మాత్రం వారం వారం చెప్పేసేదాన్ని.

ఆ సాయంత్రం బ్యాగులోంచి బాటిల్ తీశాను. పొద్దున మూత దాకా నింపిచ్చింది నింపినట్టే ఉంది. మర్నాడూ అంతే. అంతకుముందూ అలాగే వచ్చేదేమో, సింకులో ఒంపేసి కడిగేసేదాన్ని, ఏనాడూ ఆలోచించలేదు.

"ఎందుకు తాగట్లేదే?" అంటే "దాహం వెయ్యలేదు" అంది. ఎంత గుచ్చి అడిగినా అదే మాట. ఆదివారం మధ్యాహ్నం టీచరాట ఆడుకుంటుంటే అసలు సంగతి బయటపడింది. బీరువా తలుపు బోర్డు, దిండ్లు పిల్లలు, దీని చేతిలో స్కేలు. ఒక దిండు "టీచర్, ఒంటికి" అంది, గొంతు దీనిదే. వెంటనే టీచరైపోయి ఆ దిండుని మూల పట్టుకుని గోడవైపు నిలబెట్టి, "ఇంగ్లీషులో అడుగు! రాదా? అయితే అలాగే ఉండు" అంది. వంటింట్లో నా పోపు మాడిపోయింది.

అదీ విషయం. "మే ఐ గో టు టాయిలెట్ మేడమ్" అన్న ముక్క ఇంట్లో గడగడా చెబుతుంది, క్లాసులో లేచి నిలబడితే నోట్లోంచి రాదు. అందుకని అదే ఓ ఉపాయం కనిపెట్టుకుంది: నీళ్లు తాగకపోతే వెళ్లే పనే ఉండదు. నీళ్లు లేక మలబద్ధకం, రోజంతా ఆపుకోవడం, పైన ఈ భయం. అన్నీ కలిసి పొద్దున్నే కడుపునొప్పి.

మా ఆయన మర్నాడే వెళ్లి గొడవ పెట్టుకుంటానన్నారు. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 17 ఉంది, పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. అది మనసులో ఉంచుకుని నేనే వెళ్లాను, స్కూలు వదిలాక, ఒక్కదాన్నే. టీచరు చిన్నమ్మాయి. 42 మంది పిల్లలు, ఒకే ఆయా. "మా బడిలో చిటికెనవేలు చూపిస్తే పంపేసేవారు, ఇక్కడా అదే పెట్టకూడదా?" అన్నాను. నవ్వేసింది. "తెలుగులో మాట్లాడనివ్వొద్దని మాకు ఆర్డరు మేడమ్. వేలు చూపిస్తే అది ఏ భాషా కాదు కదా" అంది. బాత్రూం గడియ పడట్లేదని కూడా అప్పుడే తెలిసింది. తోడుగా ఇంకో పిల్లని పంపుతానంది. గడియ బాగుచేయించడానికి మాత్రం నెల పట్టింది.

ఇంట్లో మా తప్పులూ ఉన్నాయి. గుమ్మంలోకి రాగానే నా మొదటి ప్రశ్న "ఇవాళ ఎన్నొచ్చాయి?" వాళ్ల నాన్న నోట మేనత్త కొడుకుతో పోలిక. ఇప్పుడు వచ్చాక అరగంట స్కూలు మాటే ఎత్తం, రెండు జంతికలు చేతిలో పెట్టి వదిలేస్తాం. తొమ్మిదికల్లా పడక, ఆరేళ్లు దాటిన పిల్లలకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. హోంవర్కు సంగతికొస్తే, రెండో తరగతి దాకా అసలు ఇవ్వొద్దని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో ఉంది. చూపిస్తే నాలుగు పేజీల కాపీరైటింగ్ ఒక పేజీ అయింది. పూర్తిగా పోలేదు.

ఒక్క పని మాత్రం చేయకండి: నొప్పన్న రోజు ఇంట్లో ఉంచి టీవీ పెట్టకండి. మేం మొదట్లో చేశాం, సోమవారాలు ఇంకా కష్టమయ్యాయి. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే నొప్పి లేవని డాక్టరు చూసి చెప్పాక, కాస్త ఆలస్యమైనా పంపడమే మంచిది. గేటు దగ్గర వీడ్కోలు చిన్నదిగా ఉండాలి. నేను నిలబడి చూస్తూ ఉంటే ఏడుపు పెరిగేది.

వారాల తరబడి తగ్గకపోయినా, ఆటలు మానేసినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి అన్నా, ఆలోచించకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా కొడుతున్నారని, ఒంటిమీద చెయ్యి వేస్తున్నారని అనుమానమొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మాకు కుదుటపడటానికి రెండు నెలలు పట్టింది. సెలవుల తర్వాత మొదటి రోజు ఇప్పటికీ "అమ్మా, కొంచెం నొప్పి" అంటుంది. కాసేపు పొట్ట నిమిరి పంపేస్తాను.

మీ పాప బాటిల్ ఎలా తిరిగొస్తోందో ఈ వారం చూసి ఇక్కడే రాయండి. మా చిన్నది ఇప్పుడు ఒకటిలో ఉంది. దానిది లంచ్ బాక్సు గొడవ, అది వేరే కథ.